చెయ్యి వాసన చూసే పిల్ల

మా మనవరాలికి నా చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ పడదని మూడేళ్ళపాటు ఊరంతా చెప్పుకు తిరిగాను. కన్నతల్లి అన్నం కలిపి ముద్ద నోటి దగ్గరికి తెస్తే గగ్గోలు పెట్టేది. అదే అన్నం నేను పెడితే కిమ్మనకుండా తినేది. "ఏం చేస్తాం, తల్లి చెయ్యి పడదు దానికి" అని ఇంటికి వచ్చినవాళ్ళతో అనేదాన్ని. మధ్యలో కొన్ని నెలలు తల్లికి కాస్త దగ్గరయ్యేదన్న సంగతి మాత్రం చెప్పేదాన్ని కాదు. పైకి ముఖం దిగాలుగా పెట్టేదాన్ని గానీ, ఇప్పుడు దాచిపెట్టి ఏం లాభం, లోపల గర్వంగానే ఉండేది. వంటింట్లో ఉన్న కోడలికి వినపడుతుందని తెలిసి కూడా అనేదాన్ని.

మాది గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో ఒక ఊరు. ఇంట్లో నేనూ, కొడుకూ, కోడలూ, మనవరాలూ. నాలుగెకరాల చేను, సగం మిరప, సగం పత్తి. కొడుకూ కోడలూ ఇద్దరూ చేలోనే ఉంటారు. నేను ముప్పై నాలుగేళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ మిరప కళ్ళంలో ఒక్క పూట కూర్చున్న పాపాన పోలేదు. బడికి పోయే మనిషిని కాబట్టి ఎవరూ రమ్మనలేదు, నేనూ పోలేదు. రిటైరయ్యాక కూడా మోకాళ్ళ నొప్పుల పేరు చెప్పి తప్పించుకున్నాను.

పిల్లకి నాలుగేళ్ళు దాటినా నాలుగైదు మాటల కంటే రాలేదు. మునివేళ్ళ మీద నడిచేది. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కింద దూరేది. అన్నిటికంటే వింత, చేతులు వాసన చూడటం. ఎవరొచ్చినా వాళ్ళ కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకునేది. కొందరి చెయ్యి వదిలేసి తన దారిన పోయేది. కొందరిది విసిరికొట్టేది. ఒకసారి మా ఆడపడుచు వియ్యపురాలు వచ్చింది. పెద్దావిడ, పట్టుచీర కట్టుకుని ముచ్చటపడి దగ్గరికి తీసుకోబోతే ఆవిడ చెయ్యి వాసన చూసి విసిరికొట్టింది. నాకు తల తీసేసినట్టయింది. అందరి ముందూ పిల్ల చేతి మీద ఒక్కటిచ్చాను. స్కూల్లో కొట్టి కొట్టి అలవాటైన చెయ్యి, ఆలోచించేలోపే లేచిపోతుంది. పిల్ల ఏడవలేదు. దెబ్బ తగిలిన చేతిని కూడా వాసన చూసుకుంది.

గుంటూరులో పిల్లల డాక్టరు చూసి ఆటిజం అన్నారు. మందులు లేవనీ, ఆక్యుపేషనల్ థెరపీ చేయించమనీ చెప్పి ఒక చిరునామా రాసిచ్చారు. మేడ మీద రెండు గదులు. లోపల పైకప్పు నుంచి వేలాడే ఉయ్యాల, నేలంతా మెత్తటి చాపలు, మూలన బియ్యమూ పెసలూ పోసిన టబ్బులు. థెరపిస్టు అమ్మాయికి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిందట. మా స్కూల్లో అయితే ఐదో తరగతి పిల్లలు కూడా లెక్కచేయరనిపించేంత సన్నగా, మెల్లగా ఉంది.

"ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కదమ్మా, నాలుగేళ్ళ పిల్లకి ఉద్యోగమేంటి?" అని అడిగాను. నాకూ ఇంగ్లీషు వచ్చని తెలియాలిగా.

"తన అన్నం తను తినడం, తన గౌను తను తొడుక్కోవడం, ఆడుకోవడం. వాళ్ళ పనులు అవేగా మేడం గారూ" అంది. అని, నాతో మాట్లాడటం ఆపేసి కింద కూర్చుంది.

అలా కూర్చుని ఏం చేసిందయ్యా అంటే, ఏమీ చేయలేదు. చేతికున్న గాజులు తీసి బల్ల మీద పెట్టింది. పిల్లకి రెండు బారల దూరంలో కూర్చుని కుడి అరచెయ్యి చాపి నేల మీద పెట్టింది. పిల్ల ఉయ్యాల చుట్టూ తిరిగింది, టబ్బులో బియ్యం తొక్కింది, గోడ గీకింది. ముప్పావుగంట గడిచాక వచ్చి ఆ చెయ్యి ఎత్తి వాసన చూసింది. నేను సిగ్గుతో చచ్చిపోయి "ఏయ్, తప్పు!" అని లేచాను.

"చూడనివ్వండి మేడం. ఆ చూడటమే తన పలకరింపేమో" అందామె.

వాసన చూసి పిల్ల చెయ్యి వదిలేసింది. విసిరికొట్టలేదు. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. ఈ మాత్రం దానికే ఇంత సంబరమా అని విసుక్కుంటూ బస్సెక్కాను.

అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం నేనే తీసుకెళ్ళేదాన్ని. ఆ వానాకాలమంతా చూస్తూ చూస్తూ నా నోరు దానంతటదే మూతపడింది. బిడ్డని ఒక పనికి అలవాటు చేయాలంటే ఆ పనిని ఎన్ని ముక్కలు చేయాలో ఆ అమ్మాయికి తెలుసు. మా పిల్ల వేళ్ళకి తడి అన్నం తగిలితే కంచం తన్నేసేది. ఈమె అన్నం జోలికే పోలేదు. మొదట పొడి బియ్యంలో బొమ్మ గాజులు దాచి తీయించింది. ఆ తర్వాత పెసలు. కొన్నాళ్ళకి పేలాలు, తడిపిన అటుకులు, చపాతీ పిండి. ఒక్కో మెట్టుకి మూడు వారాలు, నాలుగు వారాలు. పిల్ల వెనక్కి తగ్గితే తనూ ఒక మెట్టు దిగేది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, చెయ్యి పట్టి గుంజలేదు. ముప్పై నాలుగేళ్ళలో నేను ఏ పిల్లకైనా అంత గడువు ఇచ్చానా అని ఒకరోజు బస్సులో లెక్క వేసుకోబోయి మానేశాను.

ఆమెకో నోటుపుస్తకం ఉండేది. వెళ్ళగానే పిల్ల ఆ వారం ఏం తింది, ఎవరు పెట్టారు, అంతకుముందు ఇంట్లో ఎవరేం చేస్తున్నారు అన్నీ అడిగి రాసుకునేది. ఒకరోజు ఆ వియ్యపురాలి సంగతి కూడా చెప్పేశాను, నేను కొట్టిన దెబ్బతో సహా. నాకు క్లాసు పీకుతుందని సిద్ధంగానే ఉన్నాను.

"కొట్టాక పాప ఏం చేసింది?" అని మాత్రం అడిగింది.

"తన చెయ్యి తనే వాసన చూసుకుంది."

అది రాసుకుంది. పైన ఒక్క మాటా అనలేదు. అనుంటే నేనూ రెండు అనేదాన్ని, అక్కడితో సరిపోయేది. అనలేదు కాబట్టి ఆ దెబ్బ నా దగ్గరే ఉండిపోయింది.

మార్గశిర మాసంలో ఒక మధ్యాహ్నం కోడలు పెరుగన్నం కలిపి ఒక ముద్ద పెడితే పిల్ల తింది. రెండోదీ తింది. కోడలు కంచం నా చేతికిచ్చి దొడ్లోకి పోయి కొళాయి తిప్పింది. ఆ నీళ్ళ చప్పుడు ఎందుకో నాకు తెలుసు. రోజులు గడిచేకొద్దీ తల్లి పక్కన పడుకోవడం, తల్లి కొంగు పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. నాకు ఇంట్లో పని తగ్గినట్టయింది. అది అంతగా నచ్చలేదని కూడా ఒప్పుకుంటున్నాను.

మాఘమాసం వచ్చింది. మిరప కోతలయ్యాయి, కాయ కళ్ళానికి చేరింది. వారం తిరక్కుండానే అంతా మొదటికొచ్చింది. కోడలు దగ్గరికి వస్తే పిల్ల ఒకటే కేకలు. ముద్ద పెడితే ఉమ్మేసింది. తల దువ్వబోతే గోళ్ళతో రక్కేసింది. కోడలు దువ్వెన నాకిచ్చింది. తర్వాత పొయ్యి దగ్గర నిలబడి, "నేనేం పాపం చేశాను అత్తయ్యా, నన్ను చూస్తేనే అట్టా భయపడుద్ది?" అంది. కోడలు మా ఇంటికి వచ్చి ఎనిమిదేళ్ళు. నోరు తెరిచి నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

మంగళవారం గుంటూరు వెళ్ళి ఆ అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. "ఎనిమిది నెలలు చేసిందంతా బూడిదలో పోసినట్టేనా? మా కోడలు ఏడ్చి చస్తోంది. నీ బియ్యాలూ పెసలూ ఏమైనాయమ్మా?"

ఆమె నన్ను పూర్తిగా అరవనిచ్చింది. మంచినీళ్ళిచ్చింది. పుస్తకం తెరిచి, "పోయినేడు కూడా ఈ రోజుల్లోనే ఇలా అయిందా మేడం?" అని అడిగింది.

"ప్రతి ఏడూ అంతే. ఎండలు మొదలైతే దానికి ఎక్కువవుతుంది."

"మే నెలలో ఇంకా ఎండలు కదా. మేలో ఎలా ఉంటుంది?"

చెప్పబోయి ఆగిపోయాను. మేలో తగ్గుతుంది. వానలు పడేసరికి తల్లికి కాస్త దగ్గరవుతుంది. ఇంతమంది పిల్లల చేత లెక్కలు చేయించినదాన్ని, మా ఇంట్లో లెక్క ఎక్కడ తప్పుతోందో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

"ఈ రెండు మూడు నెలల్లో మీ ఇంట్లో ఏం మారుతుంది?"

"ఏమీ మారదు" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. మా వైపు ఎవరిని అడిగినా అదే చెబుతారు. మాఘం నుంచి చైత్రం దాకా ఊరు ఊరంతా కళ్ళాల్లోనే ఉంటుంది, అది మాకు మార్పెలా అవుతుంది?

"ఈసారి పాప వాళ్ళమ్మని కూడా తీసుకురండి" అంది.

శుక్రవారం కోడలు తెల్లవారకముందే కళ్ళానికి పోయి, పదింటికి వచ్చి, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. నల్లపాడు దాటేదాకా పిల్ల నా ఒళ్ళోంచి తల్లి వైపు తిరగనే లేదు. సెంటర్లో ఆ అమ్మాయి, పిల్ల అరచేతులూ ముంజేతులూ ఎలా నొక్కితే నెమ్మదిస్తుందో కోడలికి నేర్పబోయింది. "ముందు నాకు నొక్కి చూపించండి అక్కా" అని తన చేతులు చాపింది. కోడలు బిడియపడుతూ ఐదు నిమిషాలు నొక్కింది. అది అయ్యాక ఆ అమ్మాయి ముఖం మీద పడిన జుట్టు వెనక్కి తోసుకుని, కన్ను తుడుచుకుంది.

మరుక్షణం "అమ్మో!" అంటూ లేచింది. కళ్ళల్లోంచి ధారలు. గోడ తడుముకుంటూ కొళాయి దగ్గరికి పరిగెత్తింది. నీళ్ళు కొట్టుకుని ఎర్రటి కళ్ళతో వచ్చి, "అక్కా, పొద్దున ఏం పట్టుకున్నారు?" అంది.

"కాయలు ఏరానండి. కానీ తలంటు పోసుకున్నాను. సబ్బుతో రెండుసార్లు కడిగాను."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మిరపకాయ గురించి మాకు చెబుతావా తల్లీ? కాయ పట్టిన చెయ్యి కంట్లో పెట్టుకోకూడదని పసిపిల్లకి కూడా తెలుసు. కడుక్కుంటే పోతుంది. ఈ చేతులతోనే మా ఊళ్ళో పిల్లలందరూ పెరిగారు, ఏ ఒక్కరికీ ఏమీ కాలేదు."

ఆ అమ్మాయి కోడలి కుడిచెయ్యి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసింది. అచ్చం మా పిల్ల చూసినట్టే. చూసి, ఆ చెయ్యి నా ముందుకు చాపింది.

నేనూ చూశాను. సబ్బు వాసన. దాని అడుగున, గోళ్ళ దగ్గర, సన్నగా ఘాటు. మేము పుట్టినప్పటి నుంచీ పీలుస్తున్నది. వెతికితే తప్ప మా ముక్కుకి అందనిది.

"మీకు అలవాటైపోయింది, అక్క చేతికీ అలవాటైపోయింది. పాపకి మనకంటే చాలా ఎక్కువగా తెలుస్తుంది" అంది ఆ అమ్మాయి, కన్ను ఒత్తుకుంటూనే. "ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. వేరే ఏదైనా కావచ్చు. కానీ ఆ ముద్ద పెదవులకి మండుతుందేమో, తల దువ్వితే చెంప మండుతుందేమో. నోటితో చెప్పలేదు కదా. అందుకే ముందుగానే ప్రతి చేతినీ చూసుకుంటోందేమో."

కోడలు తన గోళ్ళు తనే మళ్ళీ మళ్ళీ వాసన చూసుకుంది. నాకు ఆ వియ్యపురాలు గుర్తొచ్చింది. ఆవిడ వాళ్ళ కళ్ళంలో కాయ బస్తాలకెత్తించి, చీర మాత్రం మార్చుకుని నేరుగా వచ్చానని చెప్పుకుంది ఆరోజు. పిల్ల తనని తాను కాపాడుకుంటే నేను కొట్టాను. ఆ గదిలో, నా కూతురి కంటే చిన్నదైన ఆ థెరపిస్టు ముందు, ఏడ్చాను. పిల్లలకి బుద్ధి చెప్పడమే వృత్తిగా బతికినదాన్ని, ఒక్క పిల్ల బుద్ధిని గుర్తుపట్టలేకపోయాను.

చేయాల్సినవి ఆ అమ్మాయి చెప్పింది. గోళ్ళు తీసేయడం. చేతులకి నూనె బాగా పట్టించి శనగపిండితో రుద్దుకోవడం, ఆ తర్వాతే సబ్బు. కళ్ళం చీర గుమ్మం బయటే మార్చడం. రోజూ ఒకే వేళకి పిల్లకి కాస్త దూరంలో కూర్చుని, మాట్లాడకుండా అరచెయ్యి చాపి ఉంచడం. పిల్ల వచ్చి చూస్తే కదలకూడదు, తోసేస్తే బాధపడినట్టు కనిపించకూడదు. కళ్ళంలో గ్లవ్స్ వేసుకోమంది.

కోడలు అన్నీ చేసింది. గ్లవ్స్ చూసి కూలివాళ్ళు "డాక్టరమ్మొచ్చిందిరోయ్, సూదెయ్యకమ్మా" అని నవ్వారు. ఎండకి లోపల చెమట పట్టి, మధ్యాహ్నానికల్లా చిరిగిపోయేవి. సాయంత్రం నూనే పిండీ రుద్దుకుని వరండాలో కూర్చుని చెయ్యి చాపేది. పిల్ల వచ్చి వాసన చూసి విసిరికొట్టేది. కోడలు ముఖంలో ఏదీ కనపడనిచ్చేది కాదు. ఐదు రోజులు అలా చూశాను. ఆరో రోజు, "అమ్మాయ్, రేపటి నుంచి నువ్వు ఇంట్లో ఉండు. కళ్ళానికి నేను పోతాను" అన్నాను.

"మీరా!" అన్నారు కొడుకూ కోడలూ ఒకేసారి. మనుషులు దొరకని రోజులు. ఇంటి మనిషి ఒకరు కూర్చోకపోతే తాలు కాయలు మంచి కాయలో కలిసిపోతాయి. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయని కొడుకు అడగలేదు, వాడి మంచితనం.

ముక్కుకి గుడ్డ కట్టుకుని, పీట వేసుకుని కూర్చున్నాను. మొదటి గంట తుమ్ములతోనే సరిపోయింది. తెల్లబడిన తాలు కాయని ఏరి పక్కన పోయడమేగా అనుకున్నాను, కానీ నేను ఒకటి ఏరేలోపు పక్కనున్నావిడ పది ఏరేస్తోంది. "ఏంది టీచరమ్మా, కాయకాయకీ మార్కులేస్తన్నావా?" అని ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. మధ్యాహ్నానికి నవ్వు పోయింది. చాక్‌పీసు తప్ప ఏదీ పట్టని వేళ్ళు, నిప్పుల్లో పెట్టినట్టు మండటం మొదలుపెట్టాయి.

సాయంత్రం నూనె రాసుకున్నాను, పిండి రుద్దుకున్నాను, స్నానం చేశాను. వేడి అన్నంలో పప్పు వేసి కలపబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ వేడి తగలగానే మంట భుజం దాకా పాకింది. పిల్ల కంచం ఎందుకు తన్నేసేదో నాకు కొద్దిగానైనా అర్థమైంది. కోడలు ఒక స్పూను తెచ్చి కంచంలో పెట్టింది.

పది రోజులు అలాగే నడిచింది. నేను పిల్లకి అన్నం పెట్టలేదు, దగ్గరికీ పోలేదు. ఆ పది రోజులూ పిల్లకి కోడలు ఇడ్లీ ముక్కలూ అరటిపండూ కంచంలో పెట్టి పక్కకి జరిగేది. రోజూ సాయంత్రం చెయ్యి మాత్రం చాపి కూర్చునేది. విసిరికొట్టడం తగ్గింది. వాసన చూసి వదిలేయడం దాకా వచ్చింది.

పదకొండో రోజు నేను స్పూనుతో తింటూ ఉంటే పిల్ల అలవాటుగా నా దగ్గరికే వచ్చింది. నా కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. విసిరికొట్టింది. చెబితే నమ్మరు గానీ, గుండెలో ముల్లు దిగినట్టే అయింది. మూడేళ్ళు కోడలికి రోజూ దిగిన ముల్లు.

పిల్ల అటు తిరిగి కోడలి దగ్గరికి పోయింది. ఆమె చెయ్యి రెండు చేతులతో ఎత్తి వాసన చూసింది. అరచెయ్యి చూసింది, వేళ్ళు చూసింది, గోళ్ళు చూసింది. చూడటం అయ్యాక, పిల్ల ఆ చెయ్యిని తల్లి అన్నం కంచంలోనే పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

కోడలు నా వైపు చూసింది, తప్పు చేసినదానిలా. "నా వంక చూస్తావేంటి, కలుపు" అన్నాను. కలిపింది. ముద్ద ముద్దకీ ముందు వేళ్ళు వాసన చూసి, ఆ తర్వాతే నోరు తెరిచింది పిల్ల. కంచం ఖాళీ అయ్యాక మూతి తల్లి కొంగుకి తుడుచుకుంది.

శుక్రవారం ఈ సంగతి చెబితే ఆ గోదావరి అమ్మాయి పుస్తకంలో రాసుకోవడం మర్చిపోయింది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత తన చెయ్యి ఒకసారి వాసన చూసుకుని, నా చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పొద్దున నేను కళ్ళానికి బయల్దేరుతుంటే కోడలు గుమ్మం దాకా వచ్చి కొత్త గ్లవ్స్ జత నా చేతిలో పెట్టింది. "మీ చేతులు బొబ్బలెక్కుతున్నాయి అత్తయ్యా, వీటిని వేసుకోండి" అంది. తిరిగి ఇచ్చేశాను. కళ్ళం పని అయ్యేదాకా నా చెయ్యి పిల్లకి పడకపోవడమే మంచిదన్నాను.